పోస్టర్ మీద ముఖం ఎవరిదో ముందు చూడు

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

జర్మన్ పాస్‌పోర్ట్ చేతికొచ్చిందన్నావు, సంతోషం. 2029లో యూరోపియన్ పార్లమెంటుకు తొలిసారి ఓటేస్తావు. ఎవరికి వేయాలో నేను చెప్పను గానీ, ప్రచారం మాయలో పడకుండా ఉండే మార్గం చెప్తాను.

పోస్టర్ మీద ముఖం ఎవరిదో ముందు చూడు. 2024లో ఇక్కడ వీధి స్తంభాలకు కట్టిన ఎస్‌పీడీ పార్టీ పోస్టర్లలో అసలు అభ్యర్థి కటారినా బార్లే పక్కన అప్పటి జర్మన్ ఛాన్సలర్ షోల్జ్ ఉన్నాడు. ఆయన పోటీలోనే లేడు! సొంత పార్టీ పెట్టుకున్న సారా వాగెన్‌క్నెష్ట్ కూడా అంతే, పార్టీ పోస్టర్లలో ఆవిడే, అభ్యర్థుల జాబితాలో ఆవిడ పేరు లేదు. ఇటలీ ప్రధాని మెలోనీ రెండాకులు ఎక్కువే చదివింది. ఐదు నియోజకవర్గాల్లోనూ జాబితాకు తనే ముందు నిలబడి, బ్యాలెట్ మీద 'జార్జియా' అని రాస్తే చాలంది. గెలిచినా ఆ సీట్లో కూర్చోదని అందరికీ తెలుసు. పేరుకే యూరప్ ఎన్నిక, లోపల సొంత ప్రభుత్వం మీద తీర్పు. ఫ్రాన్స్‌లో మాక్రాన్ ఫలితాలొచ్చిన రాత్రే జాతీయ అసెంబ్లీని రద్దు చేశాడు కదా.

అలాగని యూరప్ సంగతులు ఎత్తరని కాదు. ఎత్తుతారు, తమకు పనికొచ్చేంత వరకే. 2035 నుంచి కొత్త పెట్రోలు, డీజిలు కార్లు అమ్మకూడదన్న నిబంధననే తీసుకో. దాన్ని ఎత్తేస్తామని జర్మనీలోని సీడీయూ పార్టీ గట్టిగా ప్రచారం చేసింది. (ఆన్‌లైన్ పోల్ కూడా పెట్టి, ఓట్లలో గోల్‌మాల్ జరిగిందంటూ తామే మూసేశారు!) 2021లో ఆ ప్రతిపాదన తెచ్చిన యూరోపియన్ కమిషన్‌కు అధ్యక్షురాలు మాత్రం అదే సీడీయూకు చెందిన ఉర్సులా ఫాన్ డెర్ లేయెన్. కమిషన్ ప్రతిపాదిస్తుంది, తేల్చేది పార్లమెంటు, సభ్యదేశాల మంత్రుల కౌన్సిల్ కలిసి. ఆ మంత్రులూ ఈ పార్టీల వాళ్లే. 2023లో చివరి నిమిషంలో అడ్డం తిరిగింది జర్మన్ ప్రభుత్వంలోని ఎఫ్‌డీపీ అనే పార్టీ మంత్రే. అందుకని 'బ్రసెల్స్ (అంటే యూరోపియన్ యూనియన్) మన నెత్తిన రుద్దింది' అని ఎవరన్నా అంటే, ఆ రోజు మీవాళ్లు ఎటు ఓటేశారని అడుగు. పార్లమెంటులో ముఖ్యమైన చట్టాలకు ఎవరెటు ఓటేశారో దాని వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది.

పెన్షన్ పెంచుతామని రాసిన పోస్టర్ కనబడితే దాటేసి వెళ్లు, అది బెర్లిన్‌లోని జర్మన్ ప్రభుత్వం పని.

ఎన్నికలకు కొన్ని వారాల ముందు వాల్-ఓ-మాట్ వస్తుంది, అంటే నీ జవాబులు ఏ పార్టీకి ఎంత దగ్గరో శాతంలో చూపించే ఆన్‌లైన్ ప్రశ్నావళి. పోయినసారి అందులో 38 అంశాలిచ్చారు. చివర్లో వచ్చే శాతం చూసి తొందరపడకు. ఒక్కో అంశం కింద పార్టీలు స్వయంగా రాసిన కారణాలు చదువు, ఎవరు విషయం తెలిసి మాట్లాడుతున్నారో అక్కడ బయటపడుతుంది.

చిన్న పార్టీ నచ్చితే ఓటు వృథా అవుతుందని టెన్షన్ పడకు. 2024లో ఇక్కడ కనీసం 5 శాతం ఓట్లు వస్తేనే సీటు అన్న షరతు లేదు, అందుకే జర్మనీకున్న 96 సీట్లలో ఒక్క సీటుతో వెళ్లిన పార్టీలూ ఉన్నాయి. 2029కి ఆ నిబంధన మారుస్తారేమో, ఓటేసే ముందు ఒకసారి చూసుకో.

ఇట్లు,
పెదనాన్న