రాతిలో ఆకు కంటే ముందు తోటలో ఆకు

చిరంజీవి సౌమ్యకు,

అత్తయ్య ఆశీస్సులు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి శిలాజ ఆకుల మీద పురుగులు తిన్న గుర్తులు తీసుకున్నావనీ, ఎక్కడ మొదలెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మంచి సబ్జెక్టే పట్టావు. అందరూ రాక్షసబల్లి ఎముకల వెంట పడతారు గానీ, ఏ మొక్కని ఎవరు ఎలా తిన్నారో తెలియాలంటే ఆకునే అడగాలి.

కోనసీమలో ఎంత తవ్వినా నీకు కావలసిన రాయి దొరకదు. మన కాళ్ల కింద ఉన్నది గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు, రాళ్ల వయసుతో పోలిస్తే నిన్న మొన్నటిది. డెల్టా మొదలయ్యేచోట, రాజమండ్రి దగ్గర కాతేరులోనూ అవతలి గట్టున పంగిడి, గౌరీపట్నం క్వారీల్లోనూ నల్లరాతి పొరల మధ్య సున్నపురాయి ఉంది. పేరున్న చోటే, కానీ అక్కడ ఎక్కువగా కనిపించేవి గుల్లలు, నీటి నాచులు. ఆకులకి షేల్, అంటే పొరలు పొరలుగా విడిపోయే మట్టిరాయి, కావాలి. చింతలపూడి వైపు రాఘవాపురం షేల్ ఉంది, అది క్రిటేషియస్ కాలం, అంటే రాక్షసబల్లులు తిరిగిన కాలం నాటిది. ఏటికి ఎదురు ఇంకా పైకి పోతే సింగరేణి బొగ్గుతో కలిసి ఉన్న పొరల్లో గ్లాసాప్టెరిస్ అనే అంతరించిపోయిన మొక్క ఆకులుంటాయి, 25 కోట్ల ఏళ్లు పైబడినవి. నన్నడిగితే గ్లాసాప్టెరిసే తీసుకో. నాలుకలాంటి ఆకు, వల అల్లినట్టుండే ఈనెలు, చిన్న ముక్క దొరికినా గుర్తుపట్టొచ్చు. గనుల దగ్గరికి మాత్రం మీ గైడు ఉత్తరం, అక్కడివాళ్ల అనుమతి లేకుండా వెళ్లకు. ఒంటరిగా అసలే వద్దు.

రాయి కొట్టడానికి ముందు కొన్నాళ్లు చేలోనూ తోటలోనూ తిరుగు. వరిలో తాటాకు తెగులు చూడు. పెద్ద పురుగు ఆకు పైన గీకితే తెల్లటి చారలు పడతాయి, దాని పిల్ల ఆకు రెండు పొరల మధ్య దూరి తింటే బొబ్బలా మచ్చ వస్తుంది. ఒకే పురుగు, రెండు రకాల గుర్తులు! అందుకే రాతిలో గుర్తు చూసి పురుగు పేరు రాసెయ్యకు. గుర్తుకి గుర్తుగానే పేరు పెట్టు. లాబండీరా అనే అమెరికా శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు 2007లో తెచ్చిన గైడు పుస్తకంలో ఒక్కో రకం గాయానికి ఒక్కో నంబరుంది. ప్రపంచంలో ఈ పని చేసేవాళ్లంతా ఆ నంబర్లే వాడతారు, నువ్వూ అవే వాడు.

తరవాత నిమ్మాకు మీద పాముపొడ. లోపల తింటూ పోయిన పురుగు పెరిగేకొద్దీ దాని దారీ వెడల్పవుతుంది, మధ్యలో రెట్ట నల్లగా గీతలా పడుతుంది. రాతిలో వంకర గీత కనిపించగానే సంబరపడిపోకుండా ఈ రెండూ ఉన్నాయా అని వెతుకు. లేకపోతే అది వేరు పాకిన జాడో, బూజో కావచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం గాయం అంచు. బతికున్న ఆకుని పురుగు కొరికితే మొక్క ఆ అంచుని మూసుకుంటుంది, అక్కడ గట్టి గోధుమరంగు పట్టీ ఏర్పడుతుంది. శిలాజంలో అది చుట్టూ ఉన్న ఆకు కన్నా ముదురు గీతగా కనిపిస్తుంది. రాలి, నీట కొట్టుకుపోతూ చిరిగిన ఆకుకి ఆ పట్టీ ఉండదు. పది రెట్ల లెన్సు చాలు, కానీ టార్చి పక్కనుంచి ఏటవాలుగా వెయ్యి. నెత్తిమీద వెలుతురుంటే ఏమీ తెలియదు. షేల్‌ని నీళ్లతో కడక్కు, పొరలు ఊడిపోతాయి.

కొబ్బరికి కొమ్ము పురుగు పట్టడం చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉన్నావు. ముడుచుకున్న మొవ్వులో తొలుస్తుంది, మట్ట విచ్చుకున్నాక కత్తెరేసినట్టు కోతలు బయటపడతాయి. గాయం ఆకారాన్ని బట్టి కొరికినప్పుడు ఆకు ఎలా ఉందో చెప్పొచ్చన్నమాట. 2023లో చైనా వాళ్లు పెర్మియన్ కాలం చివరి, అంటే 25 కోట్ల ఏళ్లు పైబడిన ఆకుల్లో ఇలాంటిదే పట్టుకున్నారు. నడిమి ఈనెకి అటూ ఇటూ ఒకే చోట, ఒకే ఆకారంలో రంధ్రాలు. ఆకు ముడుచుకుని ఉన్నప్పుడు పురుగు రెండు వైపులా కలిపి తొలిచిందన్నమాట. దాన్నిబట్టి ఆ మొక్క రాత్రిళ్లు మన దేవకాంచనంలా ఆకు ముడుచుకునేదని తేల్చారు. ఇంతకన్నా సొగసైన వాదన నేను చదవలేదు.

ఇక లెక్క. మీలాంటి కుర్రవాళ్లు చేసే తప్పు నాకు తెలుసు. అందంగా కొరికిన ఆకులన్నీ సంచిలో వేసుకుని, బాగున్న ఆకుల్ని క్వారీలోనే పారేసి వస్తారు. అప్పుడు పురుగు ఎంత తిన్నదో ఎలా చెబుతావు? దొరికిన ప్రతి ఆకూ, గాయం లేనిది కూడా రాయాలి. అమెరికాలో 6.6 కోట్ల ఏళ్ల నాడు రాక్షసబల్లుల్ని తుడిచిపెట్టిన వినాశనం తరవాత ఒకే మొక్క మీద ఆధారపడే పురుగులే ఎక్కువ దెబ్బతిన్నాయని 2002లో చెప్పగలిగారంటే, వెనక 13 వేలకు పైగా మొక్కల నమూనాల లెక్క ఉంది. నీకు అన్ని అక్కర్లేదులే, కానీ పద్ధతి అదే. ఫోటో తీసినప్పుడల్లా పక్కన స్కేలు పెట్టు.

పండక్కి వచ్చేటప్పుడు లెన్సు తెచ్చుకో. పెరట్లో నిమ్మచెట్టుకి పాముపొడ బాగా పట్టింది, మందు కొట్టొద్దని రైతుకి చెప్పి ఉంచాను. మీ మావయ్య సణుగుతున్నారు గానీ నువ్వు పట్టించుకోకు.

ఇట్లు,
మీ అత్తయ్య