గుంతలో కాల్చేస్తే విషం పోతుందా?

ప్రశ్న: మాది ఆదోని దగ్గర పల్లె. పత్తికి కొట్టిన మందు డబ్బాలు, వాడిన సిరంజీలు, సెలైన్ పైపులు ఊరి బయట గుంతలో వేసి కాలుస్తున్నారు. పూడిస్తే బోరు నీళ్లు చెడతాయి, కాల్చడమే మేలంటున్నారు. ఆ పొగకు మా ఎనిమిదేళ్ల బాబుకు దగ్గు, పిల్లికూతలు వస్తున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కర్నూలు జిల్లా

జవాబు: నీళ్ల గురించి మీ ఊరివాళ్ల భయం నిజమేనమ్మా. కానీ గుంతలో మంట వేరు, ఇన్సినరేటర్ వేరు. ఆసుపత్రి చెత్త కాల్చే ఇన్సినరేటర్‌లో రెండు అరలుంటాయి. మొదటి దాంట్లో 800 డిగ్రీల దగ్గర చెత్త కాలుతుంది. దాని పొగ రెండో అరలో 1050 డిగ్రీల దగ్గర కనీసం 2 సెకన్లు మళ్లీ కాలాలి. తర్వాత పొగను గబగబా చల్లార్చి, కడిగి, 30 మీటర్ల ఎత్తు గొట్టం నుంచి వదలాలి. 200–450 డిగ్రీల మధ్య ఎక్కువసేపు నిలిస్తే డయాక్సిన్లు అనే క్లోరిన్ విషాలు మళ్లీ పుడతాయి. అందుకే పీవీసీ లాంటి క్లోరిన్ ప్లాస్టిక్‌ను ఇన్సినరేటర్‌లోనూ వేయకూడదని ఆసుపత్రి వ్యర్థాలపై 2016 నిబంధనలు అంటున్నాయి. మీ గుంతలో సెలైన్ పైపులు అదే జాతివి. సగం కాలిన పురుగుమందు, ఘాటైన ఆమ్లపు ఆవిరి, డయాక్సిన్లు కలిసి బాబు ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి.

ఇంకో మాట. కాల్చినా పూడ్చే పని తప్పదు. మంచి ఇన్సినరేటర్ బూడిదలోనూ సీసం, కాడ్మియం మిగలొచ్చు. విషమని తేలితే ఆ బూడిదను అడుగున ప్లాస్టిక్ పొర పరిచిన ప్రత్యేక స్థలంలోనే పూడుస్తారు. మీ గుంత బూడిదను దిబ్బలో కలపొద్దు, అక్కడ కోళ్లను తిరగనివ్వొద్దు. డయాక్సిన్లు గుడ్లలోకి, పాలల్లోకి చేరతాయి.

మందు డబ్బా ఖాళీ అవ్వగానే పావు వంతు నీళ్లు పోసి, మూత బిగించి, అర నిమిషం ఊపి, ఆ నీళ్లు స్ప్రేయర్ ట్యాంకులోనే పోయమనండి. మూడుసార్లు ఇలా చేశాక డబ్బాకు చిల్లులు పెట్టాలి, లేకుంటే ఎవరో ఒకరు నీళ్లకు వాడతారు. సూదులను మందపాటి డబ్బాలో వేసి పీహెచ్‌సీలో అడిగి అప్పగించండి.

పొగ వచ్చినప్పుడు బాబును గాలికి ఎదురు దిక్కుకు తీసుకెళ్లండి. మూతికి కట్టిన తువ్వాలు ఈ వాయువుల్ని ఆపదు. డాక్టర్ రాసిచ్చిన సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఉంటే స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) ఒక్కొక్కటిగా 4 పఫ్‌లు ఇవ్వండి. 20 నిమిషాల్లో తగ్గకపోయినా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతున్నా ఆసుపత్రికి బయల్దేరండి. చొంగ, చెమటలు, వాంతులతోపాటు కంటిపాపలు సూదిమొనల్లా చిన్నవైతే అది పురుగుమందు విషం, వెంటనే 108కి ఫోన్ చేయండి.

పొగ లేని రాత్రుల్లోనూ దగ్గుతుంటే ఆస్తమా కావొచ్చు. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో పిల్లల డాక్టరుకు చూపించి, స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష) అవసరమేమో అడగండి.