డై అవుట్, డై ఆఫ్: ఎక్కడ ఏది?

ప్రశ్న: ట్రాక్టర్లు వచ్చాక మా వైపు ఒంగోలు ఎడ్లు తగ్గిపోయాయన్న సంగతిని ‘ఒంగోల్ బుల్స్ వర్ డైడ్ అవుట్ బై ట్రాక్టర్స్’ అని ఇంగ్లీషులో రాస్తే మాస్టారు కొట్టివేశారు. తప్పెక్కడుంది? డై ఆఫ్ (die off) అని రాయవచ్చునా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, కందుకూరు

జవాబు: డై అవుట్ అకర్మక క్రియ. తానుగా అంతరించడమే గాని మరొకదాన్ని అంతరింపజేయడం దాని అర్థంలో లేదు గనుక దానికి కర్మణి ప్రయోగం ఉండదు. ‘వర్ డైడ్ అవుట్ బై’ అన్న కూర్పు ఇంగ్లీషులో నిలవదు. ఎవరి వల్ల అన్నది చెప్పితీరాలంటే వైప్ అవుట్ ఉంది: వేటగాళ్లు ఒక జాతిని తుడిచిపెట్టారన్నప్పుడు ‘హంటర్స్ వైప్డ్ దెమ్ అవుట్’ అంటారు. కాని ట్రాక్టరు ఎడ్లను చంపలేదు, వాటికి పని లేకుండా చేసింది. ఆ మాట కూడా ఇక్కడ ఎక్కువే అవుతుంది.

ఇక అర్థం. ఒక జాతి గాని, ఆచారం గాని, భాష గాని క్రమంగా క్షీణించి చివరికి మిగలకుండా పోతే డై అవుట్. ఇంకా ఆ దారిలోనే ఉంటే ‘ఆర్ డైయింగ్ అవుట్’ అనాలి. ఎక్కడ అన్నదీ చెప్పడం అవసరం. చీతా మన దేశంలో అంతరించిందని 1952లో ప్రభుత్వం ప్రకటించింది. ఆఫ్రికాలో మిగిలి ఉండబట్టే 2022లో నమీబియా నుంచి తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కునో జాతీయ వనంలో వదలగలిగారు. కనుక ‘చీతాస్ డైడ్ అవుట్ ఇన్ ఇండియా’ సరైన వాక్యం, ‘ఇన్ ఇండియా’ తీసేస్తే అబద్ధం. ఒంగోలు జాతి అయితే బ్రెజిల్‌లో నెలోర్ అని మన నెల్లూరు పేరుతోనే కోట్ల సంఖ్యలో పెరుగుతోంది.

డై ఆఫ్ అంటే ఒకదాని వెంట ఒకటి చచ్చి సంఖ్య పడిపోవడం. తెల్లమచ్చ రోగం తగిలిన రొయ్యల గుంటను మీ వైపు చూడనివారుండరు: రొయ్యలు మేత ముట్టవు, గట్టు వారకు చేరతాయి, పెంకు మీద తెల్లటి చుక్కలు తేలతాయి, కొద్ది రోజుల్లోనే గుంట మొత్తం పోతుంది. దానికి ‘ది ష్రింప్ డైడ్ ఆఫ్’ అన్నదే తగిన మాట. పోయింది గుంటలోని పంట, రొయ్య జాతి కాదు. రాబందుల విషయంలోనూ ఇదే మాట చెల్లుతుంది. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల్లో మిగిలి, వాటిని తిన్న పక్షులకు మూత్రపిండాలు చెడి, 1990ల నుంచి మన దేశంలో కొన్ని రాబందు జాతులు నూటికి తొంభైకి పైగా నశించాయి. కొన్ని మిగిలాయి కాబట్టి డైడ్ ఆఫ్ అంటాం, డైడ్ అవుట్ అనం.

మీ ఎడ్లు రోగంతో వరసగా చావలేదు, పూర్తిగా అంతరించనూ లేదు. తగ్గాయి, అంతే. దానికి డ్విండిల్ చాలు: ‘ఒంగోల్ బుల్లక్స్ హావ్ డ్విండిల్డ్ ఇన్ అవర్ ఏరియా సిన్స్ ట్రాక్టర్స్ కేమ్.’ దుక్కికి కట్టే ఎడ్లు బుల్లక్సే. బుల్స్ అంటే ఆబోతులు, మాస్టారు దాన్నీ కొట్టివేసి ఉండవలసింది.