పిల్లల్ని ముందు బొర్రాకి కాదు, బడి గోడ దగ్గరికి తీసుకెళ్లండి

టీచర్ గారూ, మీకు ఎనిమిదో తరగతి పిల్లలు నలభై మంది, చేతిలో ఉన్నది ఒక్క రోజు. బొర్రా గుహలకు తీసుకెళ్తే రాళ్లు, నేల కోత, పర్యావరణం అన్నీ ఒకేసారి చెప్పేయొచ్చా, హెడ్మాస్టర్ గారేమో "పిక్నిక్ ఎందుకండీ" అంటున్నారు అని అడిగారు. నేను విజయనగరం వైపు ఒక హైస్కూల్లో సోషల్ చెప్తాను. మీ హెడ్మాస్టర్ గారి మాటలో సగం నిజం ఉందండి. ఆ సగం నాకు అనుభవంలో తెలిసింది.

మా మొదటి ట్రిప్ బొర్రాకే. లోపల రంగు లైట్లు, వెనక నుంచి ఇంకో స్కూలు పిల్లల తోపులాట. నేను గొంతు చించుకుని "సున్నపురాయి, కార్బానిక్ ఆమ్లం" అంటుంటే ముందున్న నలుగురికి తప్ప ఎవరికీ వినపడలేదు. మర్నాడు ఏం చూశారో రాయమంటే బొంగు చికెన్, కోతులు, రైలు సొరంగాలు. పిల్లల్ని ఏమనగలం? నేను వాళ్లకి చూడమని చెప్పానే గానీ, వెతకడానికి ఏమీ ఇవ్వలేదు.

తర్వాతి ఏడాది బడి ప్రహరీ గోడ దగ్గర మొదలుపెట్టాను. మా వైపు పాత గోడల్లో ఖోండలైట్ రాయి ఎక్కువ. తూర్పు కనుమల్లో ఖోండు గిరిజనులు ఉండే కొండల వల్ల దానికి ఆ పేరు వచ్చింది. దగ్గరికెళ్లి చూస్తే రాతిలో ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. అవి గార్నెట్లు, మనం గోమేధికం జాతి అని చెప్పుకునేవి. ఒక పీరియడ్ మొత్తం భూతద్దాలతో ఆ చుక్కలు చూడటమే పని. "ఈ చుక్కలు కొండ దిగి ఎక్కడికి పోతాయి?" అన్న ఒక్క ప్రశ్న బోర్డు మీద రాశాను. ట్రిప్ మొత్తానికి అదే ప్రశ్న.

అప్పుడు భీమిలి బీచ్‌కి వెళ్లాం. అక్కడ ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి కదా, వాటిని చాలామంది మురికి అనుకుంటారు. పాడైపోయిన స్పీకర్ నుంచి తీసిన అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి ఆ చారల మీద తిప్పమన్నాను. నల్ల రేణువులు గుత్తులుగా అతుక్కున్నాయి. (కవర్ లేకపోతే అయస్కాంతం నుంచి వాటిని ఊడదీయడానికి సాయంత్రమవుతుంది.) మాగ్నటైట్, ఇల్మనైట్ లాంటి బరువు ఖనిజాలవి. అల తేలిక ఇసుకను వెనక్కి లాక్కుపోతే బరువైనవి మిగిలిపోతాయి, మన అమ్మమ్మలు చేటలో బియ్యం చెరిగినట్టు. ఇంకాస్త పక్కన గులాబీ రంగు మరక ఒకటి ఉంటే, ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే అబ్బాయి గుప్పెడు తీసి భూతద్దం పెట్టి, "సార్, గోడలో చుక్కలు ఇవే" అని అరిచాడు. ఆ రోజు నేను చెప్పాల్సిన పాఠం వాడే చెప్పేశాడు.

అక్కడి నుంచి ఎర్రమట్టి దిబ్బలు దగ్గరే. విశాఖ, భీమిలి మధ్య తీరాన ఉన్న ఈ దిబ్బలు భూవారసత్వ స్థలం, అంటే భూమి చరిత్ర చెప్పే చోటుగా కాపాడుకోవాల్సినవి. ఇలాంటి ఎర్ర ఇసుక మేటలు తమిళనాడు తీరంలోనూ శ్రీలంకలోనూ ఉన్నాయి. రేణువుల చుట్టూ ఇనుప ఆక్సైడ్, అంటే తుప్పు లాంటి పూత ఉండటం వల్ల ఆ ఎరుపు. సుమారు 20,000 ఏళ్ల కిందట, మంచుయుగంలో, సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందుండేదని చెప్పి, "మరి అప్పుడు ఒడ్డు ఎక్కడ?" అనడిగితే పిల్లలంతా సముద్రం వైపు తిరిగి కాసేపు మాట్లాడలేదు. వాన నీళ్లు కోసిన గెడ్డలు, వేళ్లు గాల్లో వేలాడుతున్న చెట్లు కళ్ల ముందే ఉంటే నేల కోతకి వేరే బొమ్మ గీయక్కర్లేదు. మనం రాళ్లు సోషల్ వాళ్లవి, తుప్పు ఫిజికల్ సైన్స్ వాళ్లది, మట్టి బయాలజీ వాళ్లది అని పంచేసుకున్నాం. దిబ్బల మీద ఆ పంపకాలు చెల్లవు. వీలైతే సైన్స్ టీచర్‌ని కూడా రమ్మనండి.

దిబ్బల అంచులెక్కనివ్వకండి, విరిగిపడతాయి. పిడికెడు ఇసుక కూడా ఇంటికి తేవొద్దని ముందే చెప్పండి. మట్టిని నీళ్లలో కలిపి ఏది ముందు అడుక్కి దిగుతుందో చూడాలంటే బడి ఆవరణలో మట్టి చాలు.

పర్యావరణం అన్నారు కాబట్టి ఇంకో సంగతి. బీచ్‌లో తాళ్లతో పది అడుగుల చదరాలు కట్టి, ఒక్కో జట్టుకి ఒకటిచ్చి, అందులో చెత్తను రకాలవారీగా లెక్కపెట్టించాను. గుట్కా ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు, టీ కప్పులే ఎక్కువ. నీళ్ల బాటిళ్లు దాదాపు లేవు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. చివరికి ఒక అమ్మాయి, "బాటిల్‌కి పాత సామాను కొట్లో డబ్బులిస్తారు సార్, సాచెట్‌కి ఎవరిస్తారు?" అంది. వాళ్ల నాన్న ఆ వ్యాపారమే చేస్తారట. నేను ప్లాస్టిక్ మీద సిద్ధం చేసుకున్న ఉపన్యాసాన్ని జేబులోనే ఉంచేసుకున్నాను.

ఇక ఏర్పాట్ల సంగతి. ఒకసారి ముందు మీరొక్కరే వెళ్లి చూసి రండి. ముఖ్యంగా ఆడపిల్లలకు టాయిలెట్ ఎక్కడుందో చూసుకోండి, చాలామంది మర్చిపోయేది అదే. నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి మధ్య మంచిది. ఒకసారి మార్చి చివర్లో పెట్టుకున్నాం. మాట్లాడుకున్న బస్సు రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది, మేం దిబ్బల దగ్గరికి చేరేసరికి నడినెత్తిన ఎండ, ఇద్దరు పిల్లలు కళ్లు తిరిగి కూర్చుండిపోయారు. ఓఆర్ఎస్ ఉంది కాబట్టి సరిపోయింది గానీ, ఇంటికి చేర్చేదాకా నాకు ఒకటే టెన్షన్. అప్పట్నుంచి పదిమందికి ఒక పెద్ద మనిషి ఉంటే గానీ కదలను. విశాఖ తీరంలో లోపలికి లాగేసే అలలుంటాయి. తడి ఇసుక గీత దాటితే ట్రిప్ అక్కడితో ఆగిపోతుందని బస్సులోనే చెప్తాను, ఒకసారి నిజంగానే ఆపేశాను కూడా.

బొర్రాకి అసలు వెళ్లొద్దనడం లేదు. ఇదే పిల్లల్ని తొమ్మిదిలో తీసుకెళ్లండి. వెళ్లే ముందు క్లాసులో బీచ్‌లో ఏరుకొచ్చిన గవ్వ మీద నిమ్మరసం పిండించండి, చిన్న చిన్న బుడగలు వస్తాయి. బొర్రాలో సున్నపురాయిని ఆమ్లపు నీళ్లు కరిగించిందీ ఇలాగే. సుద్దముక్కతో మాత్రం ప్రయత్నించకండి. మన బడుల్లో సుద్ద చాలావరకు జిప్సం అనే వేరే ఖనిజం, బుడగలు రావు, పిల్లల ముందు పరువు పోతుంది. నాది ఒకసారి పోయింది.