కుక్కపిల్ల అన్నీ కొరికేస్తోందా? ముందు కొట్టడం ఆపండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మా ల్యాబ్రడార్ పిల్లకి ఐదు నెలలు. చెప్పులు, సోఫా కాళ్లు, చార్జర్ వైర్లు, ఏదీ వదలట్లేదు. మావారు ఒకటి అంటించి అరిస్తే చెవులు వెనక్కి పెట్టి మూల నక్కుతుంది. అంటే తప్పని దానికి తెలుసు కదా! అయినా మర్నాడు మళ్లీ అదే పని. మా అత్తగారు ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు. కారం పూస్తే మానుతుందట, నిజమేనా?

జవాబు: కారం వద్దమ్మా. నోరూ కళ్లూ మండి అల్లాడిపోతుంది తప్ప ఏమీ నేర్చుకోదు. ఇచ్చేయడం గురించైతే అసలు ఆలోచించకండి, ఐదు నెలల ల్యాబ్ ఏదీ కొరక్కపోతేనే ఆశ్చర్యపోవాలి. కుక్కపిల్లకి 28 పాలపళ్లుంటాయి, నాలుగో నెల అటూఇటూగా అవి ఊడటం మొదలై ఆరేడు నెలలకల్లా 42 గట్టిపళ్లు వస్తాయి. ఈ మధ్యకాలమంతా చిగుళ్లు సలుపుతూనే ఉంటాయి. ఒకసారి దాని పెదవి పైకెత్తి చూడండి, కోరపన్ను పక్కనే సన్నగా కొత్త పన్ను తోసుకొస్తూ, చిగురు ఎర్రగా ఉబ్బి కనిపిస్తుంది. అది నమిలిన బొమ్మ మీద కాస్త నెత్తురు మరక ఉన్నా కంగారు పడక్కర్లేదు. పైగా ల్యాబ్ అంటే వేటలో కొట్టిన పిట్టను నోట కరుచుకుని తెచ్చేందుకు పెంచిన జాతి, దానికి ఏది దొరికినా ముందు నోట్లోకే వెళుతుంది. పళ్లన్నీ వచ్చాక కూడా ఏడాది, ఏడాదిన్నర వరకు ఆ సరదా కొంత ఉంటుంది.

ఇక తప్పు తెలిసి నక్కుతుందనే మాట. 2009లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు ఈ సంగతే పరీక్షించారు. వద్దన్న తిండి తిన్న కుక్కా, తినని కుక్కా కూడా యజమాని తిట్టినప్పుడు ఒకేలా మొహం పెట్టాయి. అంటే మీరు చూస్తున్నది భయం. సాయంత్రం ఇంటికొచ్చి, పొద్దున కొరికిన చెప్పు చూపించి కొడితే దానికి ఆ రెండింటికీ సంబంధం తెలియదు, మీరు తలుపు తీసి లోపలికొస్తే దెబ్బలు పడతాయన్నది మాత్రం బాగా తెలుస్తుంది. దయచేసి మీవారికి ఈ పేరా చదివి వినిపించండి.

చేయాల్సింది ఇది. చెప్పులు తలుపున్న స్టాండులో పెట్టండి, వైర్లు పైకి కట్టి స్విచ్ ఆపేయండి. కరెంటు షాక్ తగిలిన పిల్ల అప్పటికి బాగానే ఉన్నట్టున్నా కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు, కాబట్టి లేచి తిరుగుతోంది కదా అని ఊరుకోకుండా డాక్టర్‌కి చూపించాలి. మీరు ఇంట్లో లేనప్పుడు కొరికేవేవీ లేని ఒక గదిలోనో, కంచె కట్టిన మూలలోనో ఉంచండి. దానికంటూ లోపల బోలుగా ఉండే గట్టి రబ్బరు బొమ్మ కొని, అందులో పెరుగన్నమో ఉడికించిన గుమ్మడికాయో కూరి ఫ్రీజర్‌లో పెట్టి ఇవ్వండి. చల్లదనానికి చిగుళ్ల నొప్పి తగ్గుతుంది, నాకుతూ చాలాసేపు దాని పనిలో అదుంటుంది. బొమ్మ కొనేటప్పుడు బొటనవేలి గోటితో నొక్కి చూడండి, గోరు కొంచెం కూడా దిగకపోతే అది పన్ను విరగ్గొట్టేంత గట్టిదని అర్థం. చెప్పు నోట పట్టుకుంటే వెంటపడి లాక్కోకండి, దానికది ఆట. తినేది చూపించి వదిలించి, బొమ్మ చేతికిచ్చి, అది నమలగానే మెచ్చుకోండి. ఎలాగూ పాడైందని పాత చెప్పు ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. పాతదేదో కొత్తదేదో దానికేం తెలుసు?

వాకింగ్‌లో కూడా దాన్ని గబగబా లాక్కెళ్లకుండా చెట్టూ పుట్టా వాసన చూడనివ్వండి, ముక్కుకి పని దొరికితే ఇంట్లో నోటికి పని తగ్గుతుంది.

సాక్సు, మామిడి టెంక, మొక్కజొన్న కండె మింగేసి పేగుకి అడ్డంపడి ఆపరేషన్ దాకా వెళ్లిన కుక్కలు ఎన్నో. వాంతులవుతూ తిండి మానేసినా, విరేచనం ఆగినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి, ఉప్పే విషమవుతుంది. బాల్కనీలో గన్నేరు కుండీ ఉంటే తీసేయండి.

ప్రశ్న: మేం వీధి కుక్కను తెచ్చి పెంచుకుంటున్నాం, నాలుగేళ్లుంటాయి. మేముంటే బుద్ధిగా ఉంటుంది. తాళం వేసి వెళితే మాత్రం తలుపు చెక్కంతా గోళ్లతో గీరి, కొరికి పెడుతోంది. పొగరా?

జవాబు: పొగరు కాదండీ, బెంగ. విసుగుతో కొరికే కుక్క దొరికిందల్లా కొరుకుతుంది. మీరు వెళ్లిన తలుపునే పట్టుకుందంటే ఒంటరిగా ఉండలేకపోతోందన్నమాట. ఒక పాత ఫోన్‌లో వీడియో పెట్టి బయటికెళ్లండి. మొదటి అరగంటలోనే అరుపులు, చొంగ, అటూ ఇటూ తిరగడం కనిపిస్తే అనుమానం లేదు. తాళంచెవి తీసి, బ్యాగు తగిలించుకుని, ఎక్కడికీ వెళ్లకుండా కూర్చోండి. తర్వాత అర నిమిషం బయట ఉండి రండి, అది కంగారుపడకపోతేనే సమయం పెంచండి. వారాలు పడుతుంది, ఈలోపు ఎవరో ఒకరు తోడుంటే మంచిది. బెంగ బాగా ముదిరితే మందులున్నాయి, డాక్టర్‌ని అడగడానికి సంకోచించకండి.

ప్రశ్న: కొరికే అలవాటు పోతుందని ఆదివారం మటన్ బొక్కలు వేస్తున్నాం. మంచిదేనా?

జవాబు: కూరలో ఉడికిన బొక్కలు వద్దే వద్దు, మటన్‌వైనా చికెన్‌వైనా. ఉడికాక పెళుసుబారి సూదుల్లా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. దానికి తోడు మసాలాలోని ఉల్లి, వెల్లుల్లి కుక్క నెత్తుటికి పడవు. ఇప్పటికే తిని, ముక్కుతూ విరేచనం రాక అవస్థ పడుతున్నా, నెత్తురు కనిపించినా సోమవారం దాకా ఆగకండి.