మదనికకు కోడింగ్ నేర్పే ముందు

తమ్మీ,

నీ నవల మూడు అధ్యాయాలు, దాంతోపాటు చదవబోయే పుస్తకాల జాబితా అందినయ్. జాబితా మరీ పొడుగుంది. ఇంటర్ పిల్లల కోసం రామప్ప గుడి శిల్పం మదనికనూ పైథాన్ ప్రోగ్రామింగ్ భాషనూ కలిపి కథ రాయడానికి అన్ని అక్కర్లేదు. ఒక్కో పుస్తకాన్ని ఒక్క పనికోసం చదువు, ఆ పని కాంగనే పక్కన పెట్టు.

ముందు పోతన. మన బమ్మెర వాడని దండం పెట్టి వదిలెయ్యకుండా భాగవతం సప్తమ స్కంధం పెన్సిల్ పట్టుకొని చదువు. హిరణ్యకశిపుడు వరమడిగే పద్యం ఒక పక్క, సంహార ఘట్టం ఇంకో పక్క పెట్టుకొని పట్టిక గియ్యి. పగలూ రాత్రీ కానిది సంధ్య. లోపలా బయటా కానిది ద్వారం. నేలా ఆకాశమూ కానిది తొడ. ఇదంతా మనకు తెలిసిందే. కానీ అదే వరాన్ని కోడ్‌లో రాసి చూడు. సాయంత్రం టైమ్ 6 కంటే తక్కువైతే పగలు, 6 కంటే ఎక్కువైతే రాత్రి అని రెండు ఇఫ్‌లు (షరతులు) రాస్తే సరిగ్గా 6 దేని కిందికీ రాదు, నరసింహుడికి దారి దొరుకుతుంది. ఇఫ్ పగలు, ఎల్స్ (లేకుంటే) రాత్రి అని రాశావో, సంధ్య కూడా రాత్రి ఖాతాలో పడుతుంది. స్తంభం పగిలినా స్వామి ఉత్తగ నిలబడాల్సిందే. నీ మూడో అధ్యాయంలో రాక్షసుడి శాపం తేలిపోయింది ఇక్కడే. దానికి షరతులు లేవు, అందుకే సందులూ లేవు, చివరికి హీరోయిన్ ఏడ్వంగనే విరిగిపోయింది. పదహారేళ్ల పాఠకుడు దాన్ని ఒప్పుకోడు.

రెండో అధ్యాయంలో హీరోయిన్ ‘మరా’ను తిరగేసి ‘రామ’ తెప్పిస్తుంది గదా, లాప్‌టాప్ మీద చేసి చూశావా? పైథాన్ మన అక్షరాలను లెక్కపెట్టదు, యూనికోడ్ కోడ్‌పాయింట్లను, అంటే హల్లుకూ గుణింతపు గుర్తుకూ విడివిడిగా ఇచ్చిన నంబర్లను లెక్కపెడుతుంది. ‘తెలుగు’ పొడవు అడిగితే 3 అనదు, 6 అంటుంది. ‘మరా’ అంటే దానికి మ, ర, దీర్ఘం. తిరగేస్తే దీర్ఘం ముందుకొచ్చి, ఏ హల్లూ లేక చుక్కల సున్నాకు వేలాడుతుంది. ‘రామ’ను తిరగేస్తే ఇంకా తమాషా, ‘మార’ వస్తుంది. అక్షరాలుగా విడగొట్టే లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్) వాడొచ్చు, కానీ 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 కంటే పాత నియమాలతో నడిచేదైతే ‘క్ష’ లాంటి ఒత్తక్షరాన్ని రెండు ముక్కలు చేస్తుంది. అసలు వాల్మీకి కథలో తిరగెయ్యడమే లేదు, ఆగకుండా జపించడముంది. ‘మరా’లో ‘రామ’ ఉందా అని పైథాన్‌ను అడుగు, ఫాల్స్ అంటుంది. ‘మరా’ను 2తో గుణించి మళ్లీ అడుగు, ట్రూ అంటుంది. నీ సీన్ అక్కడే ఉంది, కొత్తగా కల్పించే పని లేదు.

ఇంగ్లీషు పుస్తకాల్లో రెండు చాలు. రిక్ రియోర్డన్ 2005లో రాసిన ‘ది లైట్నింగ్ థీఫ్’ మొదటి అధ్యాయంలోనే మ్యూజియంలో లెక్కల టీచరమ్మ రాక్షసి అయిపోతుంది. ఎందుకో మాత్రం చాలా అధ్యాయాల దాకా చెప్పడు. నువ్వేమో కాకతీయుల వంశవృక్షం చెప్పినంక గానీ మదనికను కదిలించలేదు. రోషనీ చోక్షీ ‘ఆరు షా అండ్ ది ఎండ్ ఆఫ్ టైమ్’ 2018లో వచ్చింది, పాండవులు ఈ కాలపు ఆడపిల్లలుగా పుట్టడం అందులో ఊహ. హాస్యం కోసం చదువు. వివరణలను మాత్రం అనుకరించకు. అమెరికా పిల్లలకు అర్జునుడెవరో చెప్పాలె, హనుమకొండ పిల్లలకు అక్కర్లేదు.

ప్రోగ్రామింగ్‌కు చార్లెస్ పెట్జోల్డ్ ‘కోడ్’. టార్చిలైట్లతో ముచ్చట పెట్టుకునే ఇద్దరు పిల్లలతో మొదలై, మోర్స్ కోడ్, రిలేల (కరెంటుతో పనిచేసే స్విచ్‌ల) మీదుగా కంప్యూటర్ దాకా వెళ్తుంది. తెలియని మాటను ముందుగా వాడకుండా ఎట్ల నడిపాడో చూడు, నీకు కావాల్సిందదే. చేత్తో నేర్చుకోవడానికి అల్ స్వైగార్ట్ ‘ఆటోమేట్ ద బోరింగ్ స్టఫ్ విత్ పైథాన్’ నెట్‌లో ఉచితంగా ఉంది. ఫంక్షన్లు, లిస్టులు, డిక్షనరీలు, స్ట్రింగులు వస్తే ఈ నవలకు సరిపోతుంది. మెషిన్ లెర్నింగ్ జోలికి పోకు. ఇప్పుడు ప్రతి కొత్త నవల్లోనూ అదే మంత్రదండం.

ఇక పుస్తకాల్లో దొరకనివి. పటం కథ ఎక్కడన్నా చెప్తుంటే పోయి కూర్చో. చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పటం మీద పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులి వాళ్లు చెప్తారు, మాదిగలకు జాంబ పురాణం డక్కలి వాళ్లు చెప్తారు. బొమ్మ తర్వాత బొమ్మ చూపిస్తూ కథకుడు ఎక్కడ ఆగుతున్నాడో, ఎక్కడ పాటలోకి మళ్లుతున్నాడో రాసుకో. అధ్యాయం ఎక్కడ తెంపాలో దాంతో తెలుస్తుంది. ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు కథ వినేటప్పుడు డోలు ఎప్పుడు ఆగుతుందో పట్టించుకో.

రామప్పకు ఇంకోసారి పోయిరా. 1213 నాటి శాసనం, గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు, 2021లో వచ్చిన యునెస్కో గుర్తింపు, ఇవన్నీ సరిగ్గానే రాశావు. మదనికను మాత్రం చెరువు మీద తేల్చావు. తేలేవి శిఖరం ఇటుకలు. మదనికలు నల్లరాయి, అడుగుకు పోతయ్. ఆమె మునగాలె, ఇటుక తేలాలె. ఆ లెక్క పెట్టుకుంటే నీ చెరువు సీన్ ఇంకా బిగుస్తుంది.

సమ్మక్కను విలన్‌తో తలపడే పాత్రగా రాసిన పేజీలు తీసెయ్యి. మేడారం గద్దెల మీద విగ్రహం లేదు. చిలకలగుట్ట నుంచి కోయ పూజారులు తెచ్చేది కుంకుమ భరిణె రూపంలో ఉన్న తల్లిని. ఆమె చేతికి కత్తి, నెత్తిన పవర్ మీటర్ పెట్టడం కొలిచేవాళ్లకు నచ్చదు, కథకూ పనికిరాదు. జాతరను నేపథ్యంగా ఉంచు. జంపన్న వాగు, నెత్తిన బంగారం (బెల్లం) మూటలు, బస్సుల క్యూ, అంతవరకు నీ కథకు చాలు.

నాలుగో అధ్యాయం ఇప్పుడే మొదలుపెట్టకు. రాక్షసుడి శాపానికి షరతుల పట్టిక రాసి, దాన్నే ఫంక్షన్‌గా మార్చి, హద్దు మీది విలువలతో నడిపి, ఎక్కడ సందు దొరికిందో ఆ అవుట్‌పుట్‌తో సహా పంపు.