ఉప్పునీటి పనికి తుప్పు పట్టని మడత చాకు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాకు భీమవరం దగ్గర రొయ్యల చెరువులు ఉన్నాయి. మేత బస్తాల కుట్లు విప్పడానికి, నైలాన్ తాళ్లు కోయడానికి, ఏరేటరు రెక్కలకు చుట్టుకున్న వల పోగులు తీయడానికి జేబులో ఒక మడత చాకు ఎప్పుడూ ఉండవలసిందే. స్టెయిన్‌లెస్ అని చెప్పి అమ్మిన చాకులు కూడా ఒక్క పంట పూర్తయ్యేలోపే తుప్పు పట్టి, తెరిస్తే మూతపడకుండా, మూస్తే తెరుచుకోకుండా బిగుసుకుపోతున్నాయి. ఇంట్లో స్టీలు గిన్నెలు ఏళ్ల తరబడి మెరుస్తూనే ఉన్నాయి కదా, చాకుకు మాత్రమే ఈ తుప్పు ఎందుకు? ఏ రకం కొనమంటారు?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: గిన్నెల స్టీలూ చాకుల స్టీలూ ఒకటి కావు. మంచి గిన్నెలకు వాడే 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉంటాయి, కార్బన్ నామమాత్రం. అందువల్ల అది తుప్పును బాగా తట్టుకుంటుంది కానీ, కాల్చి చల్లార్చినా గట్టిపడదు కాబట్టి దానితో చేసిన చాకుకు పదును నిలవదు. పదును నిలవాలంటే ఉక్కులో కార్బన్ ఉండాలి. చిక్కు అక్కడే మొదలవుతుంది. కార్బన్ తన దగ్గరున్న క్రోమియంలో కొంత భాగాన్ని పట్టుకుని కార్బైడులనే గట్టి రేణువులుగా మారుతుంది. ఉక్కును కాపాడేది ఆ రేణువుల్లో చిక్కుకోకుండా మిగిలిన క్రోమియమే. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉపరితలం మీద కంటికి కనిపించనంత పలచని పొర కడుతుంది, గీత పడితే మళ్లీ తానే పూడ్చుకుంటుంది.

కాబట్టి పెట్టె మీద రాసిన క్రోమియం శాతం చూసి మాత్రమే చాకు కొనకూడదు. డీ2 అనే ఉక్కులో క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది. స్టెయిన్‌లెస్ అనిపించుకోవడానికి 10.5 శాతం చాలుననే లెక్క ప్రకారం అది నెగ్గినట్లే. అయితే దానిలో కార్బన్ ఒకటిన్నర శాతం ఉండడం వల్ల క్రోమియంలో పెద్ద భాగం కార్బైడుల పాలై, ఉప్పు తగిలితే తుప్పు మరకలు త్వరగానే కనిపిస్తాయి. పొడినేల మీద పనిచేసేవారికి అది మంచి ఉక్కే. చెరువు గట్టుకు మాత్రం పనికిరాదు.

మీ చాకులు బిగుసుకుపోవడానికి అసలు కారణం కీలు దగ్గర ఉంది. బ్లేడు మీది నీరు గాలికి ఆరిపోతుంది, కీలులోకి, పిడి లోపలి రేకుల మధ్యకు దిగిన ఉప్పునీరు ఆరదు. ఆ ఇరుకులో ఆక్సిజన్ అందక పైన చెప్పిన పొర తిరిగి ఏర్పడదు. ఉప్పులోని క్లోరైడు బలహీనపడిన చోటును పట్టుకుని సూదిమొనంత గుంటలుగా లోపలికి తొలుస్తుంది. దీనికి తోడు, చవక చాకుల్లో బ్లేడు ఒక్కటే స్టెయిన్‌లెస్‌గా ఉండి లోపలి స్ప్రింగూ రేకులూ కీలు మేకూ మామూలు ఇనుముతో ఉండడం తరచుగా కనిపిస్తుంది. కొనేముందు బ్లేడు తెరిచి, పిడి సందును వెలుతురుకు ఎదురుగా పెట్టి లోపలికి చూడండి. కొత్త చాకులోనే స్ప్రింగు మొదట్లో గోధుమ రంగు చుక్కలు కనిపిస్తే, దుకాణదారు ఎంత తగ్గించి ఇస్తానన్నా వద్దని చెప్పండి. చెరువులో చల్లే బ్లీచింగు పౌడరు ఉప్పుకంటే చెడ్డది. ఆ చేతులతో చాకు ముట్టుకుంటే వెంటనే కడగాలి.

ఇక ఏది కొనాలన్న ప్రశ్న. మీ పనికి ఖరీదైన ఉక్కు అవసరం లేదని నా అభిప్రాయం. కార్బన్ అర శాతానికి అటూఇటూగా, క్రోమియం 13 నుంచి 15 శాతం దాకా ఉన్న రకాలు మీకు సరిపోతాయి. స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ చాకుల ఉక్కు, స్వీడన్‌లో పుట్టిన 12సీ27 ఉక్కు ఈ కోవలోవే. ఇవి మరీ గట్టివి కావు కాబట్టి మేత బస్తాల గోనె దారానికీ దుమ్ముకూ పదును త్వరగా మొద్దుబారుతుంది, అయితే ఇంట్లోని మామూలు సానరాయి మీద అయిదు నిమిషాల్లో మళ్లీ వస్తుంది. చెరువు దగ్గర మనిషికి కావలసింది ఇదేనని నేననుకుంటాను. నెల రోజులు పదును నిలిచి, ఆ తర్వాత సాన పట్టడానికి వజ్రపు పలక వెతుక్కోవలసిన చాకు కంటే ఇది మేలు.

పిడి విషయంలో కర్ర వద్దు. ఫ్రాన్స్‌లో తయారయ్యే ఒపినెల్ చాకుల స్టెయిన్‌లెస్ రకానికి 12సీ27 ఉక్కే వాడతారు, బ్లేడుకు వంక పెట్టలేము, కానీ నీటిలో నానిన కర్ర ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది, తడి గోటితో లాగితే రాదు. నైలాన్ లేదా గాజుపీచు కలిపిన ప్లాస్టిక్ పిడి, రివెట్లకు బదులు మరలతో బిగించినది, లోపలికి నీరు వెళ్లినా బయటకు వచ్చేసేలా సందులు తెరిచి ఉన్నది చూసుకోండి. తోలు ఒర కూడా వద్దు. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది. బ్లేడు నునుపుగా మెరుగుపెట్టినదై ఉండాలి, ఎందుకంటే ఇసుక చిమ్మినట్లు గరుకుగా, మసకగా ఉన్న ముఖం చూడ్డానికి ఎంత బాగున్నా ఉప్పునీటిని పట్టుకుంటుంది. నల్లటి పూత ఉన్నా వాదర దగ్గర అది ఉండదు కాబట్టి దాని మీద ఆధారపడకండి.

రోజూ సాయంత్రం చాకును తెరిచి, మంచినీళ్ల పంపు కింద కీలులోకి నీరు పోయేలా పట్టి, నాలుగుసార్లు తెరిచి మూసి, గుడ్డతో తుడిచి, తెరిచే ఆరబెట్టండి. వారానికొకసారి కీలులో ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయండి. బ్లేడుతో తినే వస్తువులు కోస్తుంటే దానికి కొబ్బరినూనె రాయవచ్చు, కీలులో మాత్రం వద్దు. ఆ నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది కాబట్టి పుష్యమాసపు తెల్లవారుజామున చాకు తెరుచుకోవడానికి మొరాయిస్తుంది. మరక పడితే సోడా ఉప్పు ముద్దతో, ప్లాస్టిక్ పీచుతో రుద్దండి. మామూలు ఇనుప పీచు వాడితే దాని రజను బ్లేడుకు అంటుకుని కొత్త తుప్పుకు దారి తీస్తుంది.

ఇన్ని జాగ్రత్తలు కుదరవనుకుంటే మడత చాకు మాట మరచిపోయి, ప్లాస్టిక్ ఒరలో ఉండే మడవని చిన్న చాకు నడుముకు కట్టుకోవడం ఉత్తమం. కీలే లేనప్పుడు పట్టేయడానికేమీ ఉండదు.

ప్రశ్న: అయస్కాంతం అంటుకుంటే అది అసలైన స్టెయిన్‌లెస్ కాదని మా దుకాణదారు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: చాకుల విషయంలో నిజం కాదండీ. కాల్చి చల్లార్చి గట్టిపరిచిన మామూలు చాకు ఉక్కు, స్టెయిన్‌లెస్ అయినా సరే, అయస్కాంతానికి అంటుకుంటుంది. అంటుకోని లక్షణం 304 వంటి గిన్నెల స్టీలుది. ఆ పరీక్షతో చాకు కొంటే మంచిది వదిలేసి, పదును నిలవనిది ఇంటికి తెచ్చుకునే ప్రమాదం ఉంది.

ప్రశ్న: నేను టెక్సస్‌లో ఉంటూ సెలవు రోజుల్లో గాల్వెస్టన్ తీరంలో చేపలు పడుతుంటాను. ఇక్కడ హెచ్1, ఎల్‌సీ200ఎన్, మాగ్నాకట్ అని రకరకాల ఉక్కుల పేర్లు చెబుతున్నారు. వాటికి అంత ధర పెట్టవచ్చా? ఊరికి వచ్చేటప్పుడు మా నాన్నగారికి ఒకటి తేవాలని కూడా ఉంది.
– ఒక పాఠకుడు

జవాబు: సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది కాబట్టి మీ విషయంలో పెట్టవచ్చు. హెచ్1, ఎల్‌సీ200ఎన్ ఉక్కుల్లో కార్బన్ చేసే పనిలో కొంత నైట్రోజన్ చేస్తుంది. అది కార్బన్‌లా క్రోమియాన్ని అంతగా లాక్కోదు, పైగా గుంటలు పడకుండా కాపాడుతుంది. హెచ్1 తుప్పుకు దాదాపు లొంగదు కానీ దాని వాదర మెత్తన. రంపపు పళ్లున్న రకం తీసుకుంటే తాళ్లు కోయడానికి బాగుంటుంది. చేపలు శుభ్రం చేయడానికైతే ఎల్‌సీ200ఎన్ మేలు. లారిన్ థామస్ అనే లోహశాస్త్రజ్ఞుడు రూపొందించగా 2021లో వచ్చిన మాగ్నాకట్‌లో క్రోమియం 10.7 శాతమే, అంటే డీ2 కంటే తక్కువే. అయినా ఆ క్రోమియం కార్బైడుల్లోకి పోకుండా కూర్పు చేసినందువల్ల మాగ్నాకట్ తుప్పును ఎన్నో రెట్లు బాగా తట్టుకుంటుంది. మూడింటిలో పదును ఎక్కువకాలం నిలిచేదీ, సాన పట్టడానికి ఎక్కువ ఓపిక అడిగేదీ అదే.

నాన్నగారికి మూడంగుళాల బ్లేడు సరిపోతుంది. మన ఆయుధ నిబంధనలు ఇంటి, వ్యవసాయ, పారిశ్రామిక అవసరాలకు చేసినవి కాకుండా తొమ్మిది అంగుళాల కంటే పొడవైన లేదా రెండు అంగుళాల కంటే వెడల్పైన బ్లేడులను ఆయుధాల కింద లెక్కిస్తాయి కాబట్టి పరిమాణం దృష్ట్యా ఇబ్బంది ఉండదు. మీట నొక్కగానే విచ్చుకునే రకం మాత్రం తేకండి. విమానంలో మామూలు మడత చాకునైనా చేతిసంచిలో కాక, చెక్-ఇన్ చేసే పెట్టెలో, మొన బయటకు రాకుండా చుట్టి పెట్టాలి.